అమీర్‌పేటలో కండరాలను ప్రశ్నలడిగిన నాలుగు రోజులు

హైదరాబాదు వెళ్లొచ్చినవాళ్లు సాధారణంగా చార్మినార్ గురించి చెబుతారు. నేను చార్మినార్ చూడలేదు. పంజాగుట్టలో ఒక అద్దె గది, అమీర్‌పేటలో ఒక మేడ మీది హాలు, ఆ రెండిటికీ మధ్య ఒక రోడ్డు చూశాను. చివర్లో, అనుకోకుండా, ఒక ఆసుపత్రి కూడా చూశాను. ఆ వైపు వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

తాడేపల్లిగూడెంలో ఆడపిల్లల హైస్కూల్లో నేను వ్యాయామం టీచర్ని. మా చెల్లెలు సరళ ఎమ్మెస్సీ చదివి, అందరిలాగే జావా నేర్చుకోవడానికి అమీర్‌పేట చేరి అప్పటికి ఏడాదవుతోంది. కంప్యూటర్లకు తారీఖులు తప్పిపోతాయని ప్రపంచమంతా కంగారుపడుతున్న రోజులవి. ఆ కంగారువల్ల మనవాళ్లకు ఉద్యోగాలు దొరుకుతున్నాయి కాబట్టి అమీర్‌పేటలో ఎవరూ పెద్దగా విచారించడం లేదు.

దసరా సెలవులకు ముందు సరళ ఫోను చేసింది. "ఇక్కడ కైనీసియాలజీ అని నాలుగు రోజుల క్లాసు పెడుతున్నారక్కా. నీ సబ్జెక్టే. ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను" అంది.

నా సబ్జెక్టే. మా ట్రైనింగులో ఆ పేరుతో ఒక పేపరుండేది. ఏ కండరం ఏ ఎముకను ఎటు లాగుతుందో చెప్పే శాస్త్రం. గ్రీకు భాషలో కదలిక అనే మాట నుంచి ఆ పేరు వచ్చిందని మొదటి పాఠంలోనే ఉంటుంది. నేను దాన్ని రెండో ప్రయత్నంలో పాసయ్యాను. మళ్లీ చదివితే మంచిదేనని రైలెక్కాను.

సరళ గురించి ఇంకో సంగతి ముందే చెప్పాలి. తనకు పదో తరగతి నుంచి ఫిట్సు ఉన్నాయి. పొద్దునా రాత్రీ మాత్ర వేసుకుంటుంది. వేసుకున్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. హైదరాబాదులో ఆ విషయం ఎవరికీ తెలియదు. తెలియనివ్వలేదు.

నాంపల్లి నుంచి పంజాగుట్ట

నాంపల్లిలో దిగి సిటీ బస్సెక్కాను. "అక్కా, జర ముంగటికి జరుగు" అన్నాడు కండక్టరు. మా వైపు కండక్టర్లు "ముందుకు జరగండమ్మా" అంటారు, విసుక్కుంటూనే. ఇక్కడ ఊళ్లో దిగిన కాసేపటికే నాకొక తమ్ముడు దొరికాడు. లక్డీకాపూల్ దగ్గర ఆఫీసులకు వెళ్లేవాళ్లు దిగి, వాళ్ల చోట్లోకి అంతకు రెట్టింపుమంది ఎక్కారు. ఖైరతాబాదులో వినాయకుడు అప్పటికే నీళ్లలో కలిసిపోయాడు. ఆయన చుట్టూ కట్టిన కర్రలు మాత్రం ఇంకా నిలబడి, ఎవరి కోసమో చూస్తున్నట్టున్నాయి.

సరళ గది పంజాగుట్టలో ఒక సందు చివర, డాబా మీద. కింద ఇంటివాళ్లుంటారు. ఇల్లుగలావిడ రజియా బేగం, యాభై దాటిన మనిషి. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. సరళ ఆవిడను ఆపా, అంటే అక్కా, అని పిలుస్తుంది. నేనూ అదే అన్నాను.

"మీరు ఆటలు నేర్పే టీచరా? మంచిగైంది. గీ పిల్లకు జర తినుడు నేర్పుండ్రి. పొద్దుగాల చాయ్, రాత్రి బ్రెడ్డు. గట్లయితే ఎట్ల బతుకుతరు?" అందావిడ. అడక్కుండానే అన్నం, ఖట్టీ దాల్ పెట్టింది. ఖట్టీ దాల్ మన పప్పుచారుకు దగ్గరి చుట్టం. కాకపోతే అది చిక్కగా ఉండి, తన సంగతి తనకు బాగా తెలిసినట్టు కనిపిస్తుంది.

అమీర్‌పేట, మేడ మీద

అమీర్‌పేటలో రోడ్డు పక్కన చేతులు ఖాళీగా పెట్టుకుని నడవడం కుదరదు. నాలుగడుగులకొకరు కాగితం చేతిలో పెడతారు. జావా, ఒరాకిల్, వీసా, ఇంగ్లీషులో మాట్లాడటం. నా చీర, నా వయసు చూసి కూడా ఎవరూ సందేహించలేదు. హాలు చేరేసరికి నేను సాఫ్ట్‌వేరులో దాదాపు అన్ని కోర్సులకూ అర్హురాలినయ్యాను.

మా హాలు ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు సరిగ్గా పైన. కింద జావా పాఠం చెప్పే ఆయన గొంతు మైకులోంచి పైదాకా వచ్చేది. ఒక క్లాసులోంచి ఇంకో క్లాసు పుడుతుందని, తల్లి క్లాసు గుణాలు పిల్ల క్లాసుకు వస్తాయని ఆయన చెబుతుంటే, పైన మా గురువుగారు కూడా తన విద్య గురించి ఇంచుమించు అదే చెప్పారు.

గురువుగారి పేరు సుధాకర్. గుడివాడ వైపు మనిషి. తెల్ల చొక్కా, మెత్తని గొంతు. పూర్వం మందుల కంపెనీకి అమ్మకాలు చూసేవారట. డాక్టర్ల గదుల ముందు కూర్చుని కూర్చుని విసుగొచ్చి, బొంబాయిలో ఒక విదేశీ టీచరు దగ్గర ఈ విద్య నేర్చుకున్నానని ఆయనే చెప్పారు. ఒక పద్ధతిగా, ఎక్కడా గొప్పలు పోకుండా మొదలుపెట్టారు.

ఆయన చెప్పిన కథ ఇది. కండరం బలం ఎంతుందో చేత్తో నొక్కి చూడటం పాత పనే. పోలియో వచ్చిన పిల్లలకు, దెబ్బలు తగిలినవాళ్లకు డాక్టర్లు అలాగే చూసేవారు. అరవైలలో అమెరికాలో వెన్నెముక సర్దే వైద్యుడొకాయన దగ్గరికి ఒక రోగి వచ్చాడు. అతని భుజం రెక్క వెనక్కి పొడుచుకొచ్చి ఉంది. అక్కడి కండరం బలహీనంగా ఉంది. అది పక్కటెముకలకు అతుక్కునే చోట చిన్న చిన్న గడ్డల్లాంటివి వేలికి తగిలితే, ఆ వైద్యుడు వాటిని గట్టిగా రుద్దాడు. వెంటనే కండరానికి బలమొచ్చింది, రెక్క సర్దుకుంది. అంతవరకు నాకూ ఇబ్బంది లేదు. ఆపైన ఆ వైద్యుడు ఒక్కో కండరాన్నీ ఒక్కో అవయవంతో, చైనావాళ్లు చెప్పే శక్తి నాడులతో కలిపాడు. కండరాన్ని నొక్కితే లోపలి సంగతంతా అదే చెబుతుందన్నాడు. నా పేపరు అక్కడ అయిపోయింది. పేరొక్కటే మిగిలింది.

తర్వాత చేసి చూపించారు. ముందుకు వచ్చినాయన పేరు యాదగిరి, ఎర్రగడ్డలో ఉంటాడు, బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నడుము నొప్పి. "ఎర్రగడ్డ అంటే నవ్వకుండ్రి. మా ఇల్లు దవాఖానకు ఈ పక్క" అని ముందే చెప్పుకున్నాడు. పిచ్చాసుపత్రి ఉన్న పేటలో కాపురముండేవాళ్లు ఆ మాట ముందే అనేసుకుంటారని తర్వాత తెలిసింది.

సుధాకర్ గారు అతని కుడి చెయ్యి పక్కకు చాపించి మణికట్టు దగ్గర నొక్కారు. చెయ్యి నిలబడింది. ఎడమ చేతిలో చక్కెర పొట్లం పెట్టి మళ్లీ నొక్కారు. చెయ్యి దిగిపోయింది. హాల్లో అందరూ ఊపిరి బిగబట్టారు.

"నేను చాయ్‌ల చక్కెర బంద్ జేసి మూడేండ్లాయె సారూ," అన్నాడు యాదగిరి. "చెయ్యికి ఇంకా తెల్వనట్టుంది."

అప్పుడు సరళ లేచింది. చేతి సంచిలోంచి మాత్రల పట్టీ తీసింది.

"రోజూ ఇది వేసుకుంటాను సార్. పరీక్షిస్తారా?"

"దేనికమ్మా ఇది?"

"తలనొప్పికి."

నేను తన వైపు చూశాను. తను నా వైపు చూడలేదు. ఎడమ చేత్తో మాత్ర పట్టుకున్న సరళ కుడి చెయ్యి సుధాకర్ గారు నొక్కగానే అరటాకులా వాలిపోయింది. "మీ ఒంటికి ఇది అంతగా పడటం లేదనిపిస్తోందమ్మా" అన్నారాయన. అంతే అన్నారు. మానమని అనలేదు.

పంజాగుట్ట, ఇరానీ హోటల్లో

సాయంత్రం ఇరానీ హోటల్లో కూర్చున్నాం. మా వైపు కాఫీ ఇచ్చి, తాగగానే గ్లాసు తీసుకుపోతారు. ఇక్కడ ఒక చాయ్‌కి గంటసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. ఒక కప్పును ఇద్దరికి పంచి ఇమ్మన్నా నామోషీ లేదు. బిస్కెట్టు ఉప్పగా, తియ్యగా రెండు విధాలా ఉంది. ముంచితే విరిగి కప్పులో పడింది. చెంచా అడిగితే సర్వరు నన్ను జాలిగా చూశాడు.

"ఆయన రెండోసారి ఇంకాస్త చివర నొక్కారు సరళా," అన్నాను. "మోచేతికి దగ్గర నొక్కితే చెయ్యి ఆగుతుంది, చివర నొక్కితే దిగుతుంది. తలుపును గడియ దగ్గర తోస్తే తేలిగ్గా పోతుంది చూడు, అలాగ. ఆయన కావాలని చేశారనడం లేదు. ఆయన చేతికీ తెలియదు."

"నీకు ప్రతిదీ కబడ్డీయే," అంది సరళ.

"మాత్ర దేనికో ఎందుకు చెప్పలేదు?"

తను చాలాసేపు చాయ్ కలిపింది. చక్కెర అప్పటికే కరిగిపోయింది.

"అక్కా, నేను క్లాసులో నిద్రపోతున్నాను. రోజూ. పదింటికల్లా కళ్లు మూతలు పడతాయి. అందరికీ అర్థమైంది నాకు మర్నాటికి అర్థమవుతుంది. వచ్చే నెలలో ఇంటర్వ్యూ ఉంది. వాళ్ల ముందు నిద్రపోతే? నువ్వెప్పుడూ ఆ మాత్ర వేసుకోలేదు. లోపల దూది కూరినట్టుంటుంది."

"డాక్టర్ని అడిగావా?" అన్నాను.

"అడిగితే, మాత్ర ముఖ్యమా ఉద్యోగం ముఖ్యమా అన్నాడు మన ఊరి డాక్టరు. రెండూ అని చెప్పేలోపు తర్వాతి పేషెంటును పిలిచాడు."

ఆ రాత్రి పడుకునే ముందు, మాత్ర వేసుకున్నావా అంటే వేసుకున్నానంది.

రెండో రోజు, కొమ్మలు

రెండో రోజు సుధాకర్ గారు బోర్డు మీద చెట్టు గీశారు. కాలీఫ్లవర్‌లా వచ్చింది. ఆ అమెరికా వైద్యుడి విద్య మొదలు. దాన్నుంచి ఒక శిష్యుడు, మామూలు మనుషులు ఇంట్లో ఒకరికొకరు చేసుకునేలా తేలిక చేసింది ఒక కొమ్మ. చదవడం కష్టమైన పిల్లల కోసం ఒక పంతులు తయారుచేసిన కదలికలు ఇంకో కొమ్మ. దిగులు, భయం లాంటివి కండరంలో వెతికేది మరొకటి. ఏ తిండి పడుతుందో, ఏది పడదో చెప్పేది ఇంకొకటి. చంటిపిల్లలు చెయ్యి చాపి నిలబడలేరు కాబట్టి, బిడ్డను తల్లి ఒళ్లో పెట్టి తల్లి చెయ్యి నొక్కే పద్ధతి కూడా ఉంది.

"ఫోనులో చేసేది కూడా ఉందాండీ?" అని అడిగాను, మామూలుగానే.

"ఉందండీ. నేను నేర్చుకోలేదు. ఎస్టీడీ చార్జీలు ఎక్కువ కదా," అన్నారు. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

పిల్లల కొమ్మ నాకు నచ్చింది. కుడి మోచేతిని ఎడమ మోకాలికి, ఎడమ మోచేతిని కుడి మోకాలికి తాకిస్తూ నిలబడ్డచోటే నడవాలి. గాలిలో బొటనవేలితో పడుకున్న ఎనిమిదంకె గియ్యాలి. మెదడుకు ఏమవుతుందో నాకు తెలియదు గాని, ఎండలో డ్రిల్లు చెయ్యని పిల్లలు కూడా ఇది చేస్తారు. దిగుళ్ల కొమ్మలో, ఎదుటివాళ్ల నుదుటి మీద వేళ్లు ఆనించి నిలబడితే వాళ్లు తమ కష్టాన్ని తలుచుకోవాలి. నాకు యాదగిరి జతపడ్డాడు. కళ్లు మూసుకుని కాసేపున్నాక మెల్లగా చెప్పాడు.

"డూటీ ఆఖరి దినం మేడమ్. బస్సు డిపోల పెట్టినం. ఊదే సీటీ సుత లోపల ఇచ్చేసిన. ఇంటికి పోదామంటే, ఇంగ ఎవ్వరికి రైట్ రైట్ చెప్పాలె అనిపిచ్చింది."

నుదురు పట్టుకుంటే తగ్గిందో, ఎవరో ఒకరు విన్నందుకు తగ్గిందో, మధ్యాహ్నం మెస్సులో గోంగూర పప్పు మూడుసార్లు వేయించుకున్నాడు. ఆ మెస్సు నిండా మా జిల్లాల పిల్లలే. సగంమంది నెయ్యి సరిపోలేదని గొడవపడుతున్నారు. నాకు ఇంటికొచ్చినట్టనిపించింది.

అన్నిటికన్నా వింత సరళ. ఆ రోజంతా కళ్లు పెద్దవిచేసుకుని, ప్రశ్నలడుగుతూ, నవ్వుతూ ఉంది. తనను అంత చురుగ్గా నేను చాలా ఏళ్లుగా చూడలేదు. తలుపు, గడియ అంటూ నేను చెప్పిందంతా తప్పేమో, ఈ విద్యలో ఏదో ఉందేమో అని ఆ సాయంత్రం అనుకున్నాను.

మూడో రోజు

మూడో రోజు భోజనాల ముందు అందరం నిలబడి మోచేతులు మోకాళ్లకు తాకిస్తున్నాం. సరళ ఆగిపోయింది. ఒకవైపు ఎటో చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నేను పరిగెత్తి పట్టుకునేలోపు పడిపోయింది. కాళ్లూ చేతులూ బిగుసుకుని కొట్టుకోవడం మొదలైంది.

ముప్ఫైమంది వైద్యం నేర్చుకుంటున్న హాలది. ఎవరో తాళంచెవుల గుత్తి తెచ్చి సరళ గుప్పిట్లో పెట్టబోయారు. మా వైపైతే ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెడతారు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయలకు కొదవ లేదు. ఇక్కడ తాళంచెవులకు లేదు. "ఏమీ వద్దు. నోట్లో కూడా ఏమీ పెట్టొద్దు. కుర్చీలు జరపండి" అన్నాను. అది బడి గ్రౌండులో వాడే గొంతు. అందరూ విన్నారు. సరళను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద నా కొంగు మడిచి పెట్టాను. యాదగిరి అప్పటికే కిందికి దిగి ఆటో ఆపాడు. కింది మైకులో పాఠం ఆగలేదు.

కొట్టుకోవడం ఆగి, గురక మొదలైంది. సుధాకర్ గారు గోడకు ఆనుకుని నిలబడిపోయారు.

"ఆ మాత్ర ఫిట్సుదండీ," అని చెప్పాను.

ఆయన వచ్చి సరళ కాళ్ల వైపు పట్టుకున్నారు. యాదగిరి పైకొచ్చాక ముగ్గురం కలిసి మెట్లు దింపాం.

ఆసుపత్రి వరండా

సరళకు లోపల ఇంజెక్షను ఇచ్చారు. నిద్రపోతోంది. మొదటి రోజు రాత్రి నుంచే మాత్ర మానేసిందని మధ్యలో కళ్లు తెరిచినప్పుడు చెప్పింది. నాకు కోపం రావాలి. తన చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది, కోపం రాలేదు.

వరండాలో బెంచీ మీద సుధాకర్ గారు, నేను కూర్చున్నాం. యాదగిరి చాయ్ తెస్తానని వెళ్లాడు. సుధాకర్ గారు గడియారం చూసుకుని, జేబులోంచి మాత్రల పట్టీ తీసి ఒకటి ఊడదీసి, నీళ్లు లేకుండానే మింగారు.

"బీపీకండీ," అన్నారు, నేను చూస్తున్నానని. "ఆరేళ్లుగా."

"దీన్ని పట్టుకుని చెయ్యి చూపించుకున్నారా ఎప్పుడైనా?"

"లేదండీ."

"ఎందుకని?"

ఆయన పట్టీని మడిచారు, మళ్లీ విప్పారు. "చెయ్యి పడిపోతే ఏం చెయ్యాలో తెలియక," అన్నారు. "మా నాన్నగారు పక్షవాతంతో పోయారు. మాత్రలు మానేసి" అన్నారు.

ఆయన్ని అనవలసినవి కొన్ని దారిపొడుగునా కూడబెట్టుకుని తెచ్చాను. వాటిలో ఒక్కటీ అనలేకపోయాను.

డ్యూటీ డాక్టరు చిన్నమ్మాయి, సరళ వయసే ఉంటుంది. వరంగల్ వైపు మాట. జరిగిందంతా విని, సరళకు మెలకువ రాగానే ఒక్కటే అడిగింది.

"నిద్ర వస్తుందని మానేసినవా?"

సరళ తలూపింది.

"నాకు సుత అదే అనిపిచ్చింది. నిద్ర వస్తే మాకు చెప్పాలె. డోసు మార్చొచ్చు, టైము మార్చొచ్చు, మందే మార్చొచ్చు. తగ్గించాలంటే నెలలు పడ్తది, మేమే మెల్లగ తగ్గిస్తం. ఒక్క దినంల మానేస్తే గిట్లనే పడిపోతవ్. రోడ్డు మీద పడిపోయుంటే?"

పెద్ద డాక్టరుతో మాట్లాడి మందు మార్చి, ఎక్కువ భాగం పడుకునే ముందు వేసుకునేలా రాసిచ్చింది. ఆ మార్పు కుదురుకోవడానికి తర్వాత కొన్ని వారాలు పట్టిందని, పదింటికి కళ్లు మూతపడటం మాత్రం తగ్గిందని సరళ ఫోనులో చెప్పింది. మొదటి ఇంటర్వ్యూ పోయింది. నిద్ర వల్ల కాదు, జావా వల్ల. అందుకు తను సంతోషించింది. మూడోదానిలో ఉద్యోగం వచ్చింది.

సాయంత్రం గదికి తీసుకొచ్చేసరికి రజియా ఆపా గుమ్మంలోనే ఉంది.

"రోజు పొద్దుగాల గోలీ ఏసుకునేతందుకు నా తాన చల్ల నీళ్లు తీస్కపోతుండె. రెండు దినాలాయె, వస్తలేదు. అక్క వచ్చింది గదా, ఆమె ఇస్తున్నదేమో అనుకున్న," అంది. తర్వాత సరళ గడ్డం పట్టుకుని, "గోలీ దేనికని నేనెప్పుడన్న అడిగిన్నా బేటీ? అడగ. నువ్వు ఏసుకో, అంతే" అంది. గిన్నె నిండా బగారా అన్నం పైకి పంపించింది. సరళ రెండుసార్లు వడ్డించుకుంది.

నాలుగో రోజు, మళ్లీ హాలు

మర్నాడు వెళ్లొద్దన్నాను. సరళ వినలేదు. "అందరూ చూశారు కదక్కా. ఇవాళ వెళ్లకపోతే ఇంక అమీర్‌పేటలో ఎక్కడికీ వెళ్లలేను" అంది. నెమ్మదిగా, ఆటోలో వెళ్లాం.

మేం లోపలికి వెళ్లగానే మాటలు ఆగిపోయాయి. యాదగిరి లేచి తన పక్క కుర్చీ దులిపి, "రా బిడ్డా, కూసో" అన్నాడు. సుధాకర్ గారు బోర్డు తుడిచారు. ఆ రోజు పాఠం ఏమిటో చెప్పలేదు. చాక్‌పీసు బల్ల మీద పెట్టేశారు.

"ముందు ఒకటి అడుగుతాను," అన్నారు. "డాక్టరు రాసిచ్చిన మాత్ర రోజూ వేసుకునేవాళ్లు చెయ్యెత్తండి. దేనికో చెప్పనక్కర్లేదు."

ఎవరూ కదల్లేదు. వచ్చినవాళ్లంతా మాత్రలతో పని లేని విద్య కోసం వచ్చినవాళ్లు. సుధాకర్ గారు కొంచెంసేపు చూసి, తన చెయ్యి తనే ఎత్తారు. "నాది బీపీ" అన్నారు.

యాదగిరి ఎత్తాడు. "షుగరు. దానికోసమే చాయ్‌ల చక్కెర బంద్ జేసింది," అన్నాడు. వెనక వరసలో ఒకావిడ ఎత్తింది. తర్వాత కిటికీ పక్కన ఇద్దరు. తర్వాత లెక్కపెట్టడం కష్టమైంది. హాల్లో సగానికి పైగా చేతులు పైకి లేచాయి. ఒకరినొకరు చూసుకుంటున్నారు, పెళ్లిలో అనుకోకుండా బంధువులు కనిపించినట్టు.

"వీటిలో ఒక్కటి కూడా నా మాట మీద గాని, మీ చెయ్యి మాట మీద గాని మానొద్దు," అన్నారు సుధాకర్ గారు. "మాకు నేర్పించేటప్పుడు ఈ మాట చెప్పారు. మీకు చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది."

నా పక్కన సరళ ఇంకా చేతులు ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. వేళ్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. కాసేపటికి అవి విడిపోయాయి.

తను చెయ్యెత్తింది. "నాది ఫిట్సు," అంది, వెనక వరసకు కూడా వినపడేలా.